పరిగె లేని తోట

మన పత్రికలో విమర్శ అంటే ఏదో ఒక పుస్తకం మీద రాసేదని పాఠకులకు అలవాటు. ఈసారి నేను విమర్శించబోయేది పుస్తకాన్ని కాదు, ఒక తోట పటాన్ని. పద్నాలుగు పేజీల పటం. ముప్పై ఏండ్లుగా బ్యాంకులో జమాఖర్చులు చూసుకుంటున్న వాణిజ్యశాస్త్ర పట్టభద్రుడికి కవిత్వాన్ని తూచే తాహతు ఎంతుందో మీకు తెలియనిది కాదు. తోటల విషయంలో నాకు కొంత హక్కుంది. వాటికి అప్పులిచ్చినవాణ్ణి.

మాది తళికి దగ్గరి పల్లె. మా నాయన విడిచిపోయిన మూడెకరాల మెట్టచేను నా పేరునా, కాలం చేసిన మా అన్న కొడుకు పేరునా ఉమ్మడిగా ఉంది. అబ్బాయి బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చి, పితికిపప్పుతో సంగటి తిని, చెయ్యి కడుక్కుని ఈ పటం నా ముందు పెట్టినాడు.

“చిన్నాయనా, ఒగసారి చూడు. నువ్వు సంతకం పెడితే వానలకు ముందే పని మొదలుపెడతాము. మామూలు తోట కాదు, మూలవాసుల తత్త్వం ప్రకారం గీయించినాను” అన్నాడు.

పటం గీసినవాళ్లు చదువుకున్నవాళ్లని మొదటి పేజీలోనే తెలిసింది. నేల మన ఆస్తి కాదు, మన చుట్టమని రాసినారు. తోట వేసేవాడు నేలను మార్చకూడదు, నేల చెప్పింది వినాలని రాసినారు. ఆ మాటల్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. పచ్చిక పరుపులు వద్దన్నారు, అది మేలు. కానుగ, వేప, నేరేడు, మోదుగ, చింత వంటి ఇక్కడి చెట్లే నాటాలన్నారు, అదీ మేలే. వాననీరు పారిపోకుండా వాలుకు అడ్డంగా కట్టలు పోయాలన్నారు. తళి ప్రాంతంలో బోర్లు వేయించి అప్పులపాలైన రైతుల ఖాతాలు చూసినవాణ్ణి గనుక ఆ పేజీ దగ్గర నాకు నిజంగా సంతోషమైంది. సుమారు మూడువేల అడుగుల ఎత్తున్న ఈ చల్లని నేలను తెల్లదొరలు ‘లిటిల్ ఇంగ్లండ్’ అన్నారని మనవాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. మన ఊరిలో ఇంకెవరి ఊరినో చూసుకుని పెట్టిన పేరది. ఆ చూపును వదిలి తళిని తళిగా చూడాలని ఒక పిల్లవాడు అనుకోవడమే పెద్ద సంగతి.

అయితే తోట పటాన్ని కూడా ఖర్చుల పట్టిక దాకా చదవాలి. నా వృత్తి నాకు నేర్పిన విమర్శ సూత్రం అదొక్కటే. పన్నెండో పేజీలో మూడు పద్దులు కనిపించినాయి. ఒకటి, మూడెకరాల చుట్టూ సౌరవిద్యుత్ కంచె, ఒకే గేటు, దానికి తాళం. రెండు, కలుపు నివారణ, నెలకు రెండుసార్లు, కాంట్రాక్టు మీద. మూడు, వీరగల్లు ఒకటి, సమకూర్చవలసినది.

మొదటి పేజీలో చుట్టమైన నేల పన్నెండో పేజీకి వచ్చేసరికి గేటు వెనక్కి పోయింది. ఈ రెండు పేజీల నడుమ ఏం జారిపోయిందో వెతకడమే ఈ వ్యాసం.

పటం వెనక ఉన్న ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు చూద్దాం. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ అనే ఇద్దరు 1978లో ‘పర్మాకల్చర్ వన్’ అనే పుస్తకం వేసినారు. అడవి తనంతట తాను ఎట్లా నిలబడుతుందో చూసి, అదే తీరున తోటను అమర్చుకోవాలనేది అందులోని సారం. ఆదిమజాతుల వ్యవసాయాల నుంచి ఎంతో తీసుకున్న పద్ధతి అది. అటు అమెరికాలో పొటవాటమి తెగకు చెందిన వృక్షశాస్త్రవేత్త రాబిన్ వాల్ కిమ్మరర్ 2013లో ‘బ్రెయిడింగ్ స్వీట్‌గ్రాస్’ అనే పుస్తకం రాసినారు. ముగ్గురు అక్కచెల్లెళ్లని అక్కడి మూలవాసులు పిలిచే పంట గురించి అందులో ఉంది. మొక్కజొన్న నిలువుగా లేస్తుంది, చిక్కుడుతీగ దాన్ని పట్టుకుని పాకుతూ నేలకు నత్రజని ఇస్తుంది, గుమ్మడి ఆకులు నేలను కప్పి తేమను కాపాడతాయి. ఒకదానికొకటి సాయం. ఈ బొమ్మ మా అబ్బాయి పటంలో మూడో పేజీలో రంగుల్లో ఉంది.

ఆ పేజీ చూసి నాకు నవ్వు వచ్చింది, బాధ కూడా కలిగింది. సంక్రాంతినాడు వాడు తిన్న పితికిపప్పు ఎక్కడిది? రాగిచేలో సాలు వేసిన అనుములది. నాలుగైదు సాళ్లు రాగి, ఒక సాలు అనుములు, నడుమనడుమ జొన్న, అలసంద, గట్టువారన ఆముదం, పశువు మూతి పెట్టదని చేని అంచున వలిసెలు. ముందు రాగి కోతకు వస్తుంది, అది పోయినాక అనుము చేనంతా పరుచుకుని మంచుకు కాస్తుంది. ఒక వాన తప్పినా ఏదో ఒకటి చేతికి వస్తుంది. పొరుగున కన్నడసీమలో దీన్ని అక్కడి సాలు అంటారు. మన ముసలివాళ్లు పేరైనా పెట్టకుండా చేసినారు. అమెరికా అక్కచెల్లెళ్లు రంగుల బొమ్మలో ఉండగా, మన చేని అక్కచెల్లెళ్లు కంచంలో ఉండీ పిల్లవాడికి కనబడలేదు. తప్పు వాడిది కాదు. వాడికి వాటిని చూపించి పేరు చెప్పవలసినవాళ్లం మేము.

ఈ కొత్త విద్య తెలుగు నేలకు రావడం గురించి ఒక ముచ్చట ఉంది. మాలిసన్ 1987లో మన దేశానికి వచ్చినారు. ఆ తరువాత జహీరాబాదు దగ్గరి పస్తాపూర్‌లో, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో పర్మాకల్చర్ తోట వేసినారు. ఆ సొసైటీని నడిపినవారిలో ముఖ్యులైన పి.వి.సతీష్ గారు 2023లో కాలం చేసినారు. అక్కడి సంఘం ఆడవాళ్లలో ఎక్కువమంది దళితులు, చారెడు చెలక ఉన్నవాళ్లు. పరదేశపు విద్య వాళ్ల చెలకల్లోకి వచ్చి చూస్తే, ఒకే చెలకలో పది పదిహేను పంటలు కలిపి వేసే పద్ధతి ముందే అక్కడ ఉంది. వాళ్లు లోకానికి చూపించిన సంగతుల్లో నన్ను పట్టుకున్నది విత్తని కూరలు. ఎవరూ విత్తకుండా, ఎవరూ నీళ్లు పెట్టకుండా చేలల్లో తామై మొలిచే ఆకుకూరలు. వ్యవసాయశాఖ పుస్తకంలో వాటికి పేరు కలుపు. ఆ ఆడవాళ్ల నోట్లో వాటికి పేరు కూర.

ఒకే మొక్కకు రెండు పేర్లు. ఏ పేరు పెడతామన్నదే తోట తత్త్వమని నాకు తోస్తున్నది.

మన సాహిత్యం ఈ విషయంలో ఏమి చేసిందో చూడకపోతే ఈ వ్యాసానికి మన పత్రికలో చోటు లేదు. కావ్యానికి ఉండవలసిన వర్ణనల్లో ఉద్యానం ఒకటని అలంకారశాస్త్రం విధించింది. మన ప్రబంధకవులు ఆ విధిని శ్రద్ధగా నెరవేర్చినారు. ఆ ఉద్యానవనాల్లో పొన్నలు, పొగడలు, సంపెంగలు, గున్నమామిళ్లు, చందనపు చెట్లు పక్కపక్కనే అన్ని రుతువుల్లో ఒకేసారి పూస్తాయి. ఏ ఊరి మట్టి, ఎవరు నీళ్లు తోడినారు, ఎవరు ఆకులు ఊడ్చినారు అన్న ప్రశ్న పుట్టదు. నాయిక విరహంతో కూర్చోవడానికి కావలసినంత చోటు ఉంటే చాలు. పద్యాల అందాన్ని నేను కాదనను. కాని అవి చూడడానికి కట్టిన తోటలు. బెంగుళూరు ఫారంహవుసుల తోటలు వాటి వారసులే.

ఆ వరుసలోంచి పక్కకు జరిగిన కావ్యం ఆముక్తమాల్యద. శ్రీకృష్ణదేవరాయలు దాన్ని తెలుగులో రాసినా కథ జరిగేది శ్రీవిల్లిపుత్తూరులో, అంటే నేటి మన తమిళనాడులోనే. హోసూరులో కూర్చుని తెలుగు చదువుకునే మనకు ఆ సంగతి ఎప్పుడూ ఒక ధైర్యం. అందులో విష్ణుచిత్తుడు పండితుడు కాదు, దేవుడికి మాలలు కట్టే తోటమాలి, వచ్చినవాళ్లకు అన్నం పెట్టే గృహస్థు. ఆయన తోట చూసుకోవడానికి వేసింది కాదు. రోజూ తెల్లారితే కోసి ఇచ్చేయడానికి వేసింది. రాయలు ఆ ఊరిని వర్ణించేటప్పుడు కూడా కళ్లు నేల మీదనే ఉంచినాడు. తెల్లవారుజామున కాలువగట్టున తలలు రెక్కల్లో దూర్చి నిద్రపోయే బాతుల్ని చూసి, అవి స్నానానికి వచ్చిన బ్రాహ్మలు మరచిపోయిన బట్టలేమోనని తలారులు తీసి ఇవ్వబోతారు. బాతులు లేచిపోతాయి. వరిచేలకు కాపున్న ఆడవాళ్లు నవ్వుతారు. ఆ చిత్రంలో బాతులున్నాయి, నీళ్లున్నాయి, ఊరి కొలువుకాళ్లు, చేని పనివాళ్లు అందరూ ఉన్నారు. ఎవరినీ గేటు బయట పెట్టలేదు.

నాలుగో ఆశ్వాసంలోని వర్షఋతువు ఇంకా దగ్గరిది. ముసురు పట్టిన రోజుల్లో కాపువాళ్లు తినే కూడు గురించి చెబుతూ రాయలు గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిస, చింతచిగురు వరసపెట్టినాడు. చక్రవర్తి కావ్యంలో కలుపుమొక్కల జాబితా! మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి లేచి పెరట్లోకి పోయినాను. గురుగు, చెంచలి, తుమ్మి మూడూ మా చేనిగట్టున ఉన్నాయి. అయిదువందల ఏండ్ల నాటి పద్యాన్ని గట్టుమీద గిల్లి వండుకోవచ్చునని అప్పుడు తెలిసింది.

మా అవ్వ వీటన్నిటినీ కలిపి బెరకాకు అనేది. నాలుగు చినుకులు పడిన వారానికి ఒడి కట్టుకుని చేలోకి పోయి, ఏది దొరికితే అది గిల్లుకొచ్చి ఉడకేసి, ఆ నీళ్లతోనే సారు కాచేది. బెరకాకుకు ఒక పద్ధతి ఉండేది. ఒక్క మొక్కను మొత్తంగా పెరికేది కాదు, చివరలు గిల్లేది. గట్టుకు ఆ పక్కనవాళ్ల చేలో గిల్లినా ఎవరూ ఏమనేవాళ్లు కాదు. బెరకాకు ఎవరిదీ కాదు గనుక అందరిదీ. రాగి కోత అయినాక కాలనీ ఆడవాళ్లు, పిల్లలు వచ్చి రాలిన వెన్నులు ఏరుకునేవాళ్లు. దానికి పరిగె అని పేరు. చేను మనదైనా పరిగె మనది కాదని మా తాత గట్టిగా చెప్పేవాడు. మరీ ఒళ్లు దాచుకోకుండా కోసే కూలివాణ్ణి, “పరిగెకు మిగల్చవాప్పా?” అని కసిరినట్టు కూడా గుర్తు.

ఇక్కడ నేను జాగ్రత్తపడాలి. నా వయసువాళ్లకు పాతకాలం తలుచుకుంటే అంతా తీపిగానే తోస్తుంది. బెరకాకు రుచికి మాత్రమే తిన్నది కాదు, గింజలు లేని నెలల్లో కడుపు నింపుకోవడానికి తిన్నది. రాయలు చెప్పినది కూడా ముసురు రోజుల ఇబ్బంది కూడే. పరిగె ఏరుకున్నవాళ్లకు చేలెందుకు లేవని మా తాతను ఎవరూ అడగలేదు. ఊరి తోపు అందరికీ నీడ అంటాము గాని, ఆ తోపులోని బావిలో చేద వేయడానికి అందరికీ హక్కుండేది కాదు. ఈ సంగతులు దాచిపెట్టి ‘మన పూర్వుల తత్త్వం’ అని రాస్తే మా అబ్బాయి పటానికీ నా వ్యాసానికీ తేడా ఉండదు. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ఆ అన్యాయపు లోకంలో సైతం చేను మొత్తం ఒకడిది కాదన్న ఎరుక ఒకటి ఉండేది, దానికి బెరకాకు, పరిగె, తోపు అనే పేర్లుండేవి. అన్యాయాన్ని పోగొట్టుకోవడానికి చాలా మిగిలి ఉండగానే ఈ ఎరుకను ముందుగా పోగొట్టుకున్నాము.

పోగొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను పొలాల తనిఖీకి పంపేవాళ్లు. ఒకసారి ఒక ముసలి రైతు బోరుకోసం అప్పు అడిగితే భూమి చూడటానికి పోయినాను. నా చేతిలో అచ్చు ఫారం. ఫలసాయం ఇచ్చే చెట్ల సంఖ్య అని ఒక గడి. కొబ్బరి ఎన్ని, మామిడి ఎన్ని అని అడిగినాను. ఆయన గట్టుమీది కానుగల్ని చూపించినాడు. పొలానికి పచ్చిరొట్ట అవే, దీపానికి నూనె ఒకప్పుడు అవే, పశువులకు నీడ అవే. నేను వాటికి గడి లేదన్నాను. “అట్లయితే మా కానుగకు మీ బుక్కులో ఇల్లు లేదా సామీ?” అన్నాడు. నేను నవ్వి సున్నా వేసినాను. మరుసటి ఏడు పోయేసరికి కానుగలు లేవు. అప్పు పెరగాలంటే మామిడి అంట్లు నాటాలని ఎవరో చెప్పినారట. ఆ ఎవరో నేనే కావచ్చును.

నా సున్నాకు సర్కారు దఫ్తరాల్లో ఒక అన్న ఉన్నాడు, వాడి పేరు పోరంబోకు. పన్నుకు ఎక్కని, ఎవరికీ పట్టా లేని ఉమ్మడి నేలకు రెవిన్యూవాళ్లు పెట్టిన పేరది. చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు, తోపు పోరంబోకు. ఊరంతా బతికిన చోట్లు. ఆదాయం లేదు గనుక లెక్కలో విలువ లేదు, లెక్కలో విలువ లేదు గనుక మాటలో కూడా విలువ పోయింది. ఇప్పుడు తెలుగులోనూ తమిళంలోనూ పోరంబోకు అంటే తిట్టు. 2017లో టి.ఎం.కృష్ణ గారు చెన్నై ఎన్నూరు కాలువ కోసం ఆ మాటనే పల్లవిగా పెట్టిన పాట పాడినప్పుడు, తిట్టును మళ్లీ పేరుగా మార్చే ప్రయత్నం చేసినారు. 2022 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ప్రకృతిమాతకు జీవించే వ్యక్తికున్న హక్కులు ఉన్నాయని ప్రకటించింది. ఆ తీర్పు వచ్చింది అడవి భూమికి పట్టా రాసిచ్చిన ఒక అధికారి కేసులోనే. నేల చుట్టమన్న మాట ఇంత దూరం వచ్చింది. పట్టా, ఫారం, గడి దగ్గరకు వచ్చేసరికే చిక్కు.

ఇక కంచె సంగతి. తోట కంచె దగ్గర ఆగుతుందని అనుకునేవాళ్లకు లంటానా కంప కథ చెప్పాలి. అమెరికా ఉష్ణప్రాంతాల ఆ పొదను 19వ శతాబ్ది మొదట్లో అలంకారపు మొక్కగా కలకత్తా బొటానికల్ తోటకు తెచ్చినారు. రంగురంగుల పూలు, ముద్దొచ్చే మొక్క. పిట్టలు పండ్లు తిని గింజల్ని దేశమంతా చల్లినాయి. ఈనాడు మన జవళగిరి, అంచెట్టి వైపు అడవుల్లో కూడా అది దట్టంగా అల్లుకుని ఉంది. దాని కింద గడ్డి మొలవదు. గడ్డి తగ్గితే ఏనుగుకు మేత తగ్గుతుంది. బన్నేరుగట్ట నుంచి తళి, జవళగిరి అడవుల మీదుగా నడిచే ఏనుగుల గుంపులు రాగి పాలు పోసుకునే వేళకు చేలలో దిగుతాయి. అందుకు మనిషి కోతలు, రోడ్లు, అడవి తరగడం వంటి కారణాలు ఎన్నో ఉన్నా, ఎవరి తోటకో ముచ్చటపడి తెచ్చిన పొదకు కూడా అందులో పాలుంది. తళిలో మంచె మీద రాత్రంతా డబ్బా కొట్టే రైతుకు ఆ పాత కలకత్తా తోట ఇంకా పన్ను వేస్తూనే ఉన్నది.

దీనికి ఎదురుగా ఒక మంచి ఉదాహరణ. 1990లో అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గర, బోడిపడిన 32 ఎకరాలు కొని కొందరు టింబక్టు అని పేరు పెట్టుకున్నారు. వాళ్లు చేసినదాంట్లో పెద్ద పని నాటడం కన్నా కాపాడటం. నిప్పు పడకుండా, గొడ్డలి పడకుండా చూసినారు. మట్టిలో మిగిలి ఉన్న వేళ్లు చిగిర్చినాయి, బోదగడ్డి తిరిగి వచ్చింది, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమ గుట్టల్ని కూడా అట్లే కాపాడుకోసాగినారు. అనంతపురంకన్నా మనకు వాన ఎక్కువ. అక్కడ చేతనైనది ఇక్కడ చేతకాకపోదు.

మూడో పద్దు వీరగల్లు. మన కృష్ణగిరి జిల్లాలో వీరగల్లులు విరివి. ఊరి పసులమందను దొంగలు తోలుకుపోతుంటే అడ్డం పడి చచ్చినవాడి గుర్తు కొన్ని, పులితో పోరాడి పడినవాడి గుర్తు కొన్ని. అవి ఆ చోటనే ఎందుకుంటాయంటే వాడు ఆ ఊరి కోసం పోయినాడు గనుక. దాన్ని పెరికి తెచ్చి మన తోటలో దీపాల కింద నిలబెడితే అది రాయి మాత్రమే. మూలవాసుల తత్త్వం పేరుతో ఒక ఊరి మూలాన్ని పెరకడం ఏ తత్త్వం? ఈ పద్దు మీద నాకు మొహమాటం లేదు, ఎర్రసిరాతో కొట్టేసినాను.

భాష సంగతి చెప్పి ముగిస్తాను. 2006లో తమిళం తప్పనిసరి చేసిన చట్టం వచ్చినప్పటినుంచి మన బడుల్లో తెలుగు ఎట్లా చిక్కిపోయిందో మన పాఠకులకు నేను చెప్పనవసరం లేదు. తమిళం చదవడం వల్ల మన పిల్లలకు నష్టమని నేననను. సంగంకాలపు కవులు కొండ, అడవి, పొలం, కడలి, పాలై అని నేలను అయిదు తిణైలుగా విడదీసి, ఒక్కో నేలకు ఒక పువ్వును, ఒక దేవుణ్ణి, ఒక మనోభావాన్ని ముడివేసినారు. నేలకూ మనసుకూ ఉన్న చుట్టరికాన్ని అంత చక్కగా చెప్పిన సాహిత్యం అరుదు, మన పిల్లలు దాన్ని చదువుకోవాలి. అయితే ఆ పాఠం చదివిన పిల్లవాడు ఇంటికొచ్చి గట్టుమీది ఆకును చూసి తుమ్మి అనలేకపోతే, పాఠం పుస్తకంలోనే ఉండిపోతుంది. చెంచలి అన్న మాట పోయిన చోట చెంచలి కలుపు అవుతుంది. కలుపు అయినాక దానికి కాంట్రాక్టు వస్తుంది. మన మైనారిటీ భాషను కాపాడుకోవాలని సభల్లో తీర్మానాలు చేస్తాము. ఆ తీర్మానాల్లో గట్టుమీది మొక్కలకు కూడా ఒక గడి ఉండాలని నా మనవి.

పటం మీద నా అభిప్రాయం రాసి అబ్బాయికి ఇచ్చినాను. కట్టలు పోయించు. చెట్లు నాటించు, ముందుగా గట్టుమీద కానుగలు. వీరగల్లు వద్దు. కలుపు కాంట్రాక్టు వద్దు, బదులుగా తూరుపు వారన అరెకరం రాగి, అనుములు సాలు వేయించు, అందులో మొలిచిన బెరకాకు మొలవనీ. ఏనుగుల వల్ల కంచె తప్పదంటే ఇల్లున్నంత మేరకు వేసుకో, కాలిబాటను మాత్రం మూయవద్దు.

వాడు చదివి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “చిన్నాయనా, తెలియనివాళ్లు లోపలికి వచ్చి ఆకు గిల్లుకుంటా వుంటే, వచ్చిన అతిథులు ఏమనుకుంటారు?” అన్నాడు. సరైన ప్రశ్నే. ఆ తోటకు వాడు బ్యాంకు అప్పు తీసుకుంటాడు, అతిథులు ఇచ్చే డబ్బుతో కంతులు కట్టాలి. కంతు తప్పితే ఏమవుతుందో నాకన్నా తెలిసినవాళ్లు మా ఇంట్లో లేరు.

“కాలనీ నుంచి ఇప్పటికీ ఒక ముసలమ్మ మన చేలోకి ఆకుకు వస్తాది. ఆమె తెలియని మనిషి కాదురా. నిన్ను చంకనెత్తుకుని తిరిగింది. ఆమెతో పాటు ఒగ పూట గట్టు తిరిగి, ఆమె గిల్లిన ఆకులకు పేర్లు రాసుకుని రా. ఆ పేర్లు నీ పటంలో ఎక్కించు. అప్పుడు సంతకం పెడతాను” అన్నాను.

ఉగాదికి వస్తానని చెప్పి పోయినాడు. పటం నా బల్లమీదనే ఉంది. సంతకం చేయవలసిన గీత ఇంకా ఖాళీగానే ఉంది.